పొడుగు మనిషి పడవ

బరంపురం,
9 జూన్ 2025

ప్రియమైన నాగశ్రీ వదినకు,

మనీష్ నమస్కారాలు. ఛత్రపూర్ పట్టుమని పాతిక కిలోమీటర్లు లేకపోయినా ఉత్తరమే రాస్తున్నాను. పోయినసారి ఫోన్లో నేను "హలో" అనగానే మీరు "ఎక్కడున్నారండీ?" అన్నారు. నా గొంతు గౌతమ్ అన్నయ్య గొంతులా ఉండటం నా తప్పు కాదు. కానీ ఆ తర్వాత మీరు ఏడవడం నాకు వినబడింది.

అన్నయ్య పోయిన ఆ కొండ ఏట్లోనే కిందటి వానల్లో ఇద్దరు కాలేజీ పిల్లలు కొట్టుకుపోయారు. అందుకని మేం ఆరుగురం కలిసి రక్షక దళం పెట్టుకున్నాం. ఉరవడిలో నడిపే కయాక్, కాళ్లు లోపలికి చాపి కూర్చునే ఒంటిమనిషి పడవ, ఒకటి నాకు కావాలి. రిషికేశ్ వెళ్లి నాలుగు కయాక్‌లలో కూర్చుని చూశాను. ఆరడుగుల నాలుగంగుళాల మనిషికి ఒక్కటీ కుదరలేదు. పాదాలు మడత పెట్టుకోవాలి, మోకాళ్లు పైఅంచుకు తన్నుకుంటాయి. "ఒడ్డున కూర్చోగలిగితే చాలదు, తిరగబడినప్పుడు కాళ్లు బయటికి రావాలి" అన్నాడు అక్కడ పడవ నడపడం నేర్పే గురువు.

అన్నయ్య ఏరికోరి తెప్పించుకున్న పసుప్పచ్చ కయాక్ అయితే నాకు సరిపోతుంది. గేట్ బజార్‌లో మన కొట్టు గోదాములో వెతికాను, లేదు. మీ దగ్గరుందా?

మీ మరిది,
మనీష్

---

ఛత్రపూర్,
14 జూన్

చిరంజీవి మనీష్‌కు వదిన ఆశీస్సులు.

పడవ నా దగ్గర లేదు. ఎక్కడుందని మళ్లీ అడగకు.

ఇక్కడ వాన మొదలైంది. మా ఆఫీసు గుమ్మం పొట్టిది. ఎవరైనా తల వంచుకుని లోపలికొస్తే నా చేతిలో ఫైలు జారిపోతుంది. నిన్న సాయంత్రం వసారాలో తడి కాళ్ల చప్పుడైతే రెండుసార్లు తలుపు తీశాను. మూడోసారి తియ్యలేదు. ఎవరూ లేరని కాదు, ఉంటారేమోనని.

ఆ ఏరు నీకొద్దు నాయనా. అత్తయ్యగారికి ఇంకో కొడుకు లేడు.

వదిన

---

బరంపురం,
20 జూన్

ప్రియమైన వదినకు,

మీకు చెప్పని మాట ఒకటుంది. ఆ రోజు ఉదయం అన్నయ్య ఫోన్ చేసి, "నా పడవ కనబళ్లేదురా. నీ స్నేహితుడిది అడుగు" అన్నాడు. "అది పొట్టిది, నీ కాళ్లు పట్టవు" అన్నాను. "అరగంటకి ఏటవుతాదిరా? తే" అన్నాడు.

తెచ్చింది నేను. ఎక్కేటప్పుడు భుజం పట్టిందీ నేనే. మొదటి సుడిలోనే బోర్లా పడింది. తలకు బండ తగిలిందని అందరూ అన్నారు, నేనూ అవునన్నాను. వదినా, అన్నయ్య తల మీద దెబ్బ లేదు. మేం పడవను తిరగేసేసరికి మోకాళ్లు లోపలే ఇరుక్కుని ఉన్నాయి.

రెండేళ్లుగా మీ ఎదట పడలేనిది గొంతు వల్ల మాత్రమే కాదు. నన్ను తిట్టండి. ఊరుకోకండి.

మనీష్

---

బరంపురం,
7 జులై

వదినకు,

మీరు జవాబు రాయలేదు. రాయరనే అనుకున్నాను. ఈ ఆదివారం ఏట్లో మా మొదటి అభ్యాసం. వేరే పడవ దొరకలేదు. ఆ పొట్టి కయాక్ స్నేహితుడి ఇంట్లోనే ఉంది. అందులోనే సర్దుకుంటాను. అరగంటే కదా.

మనీష్

---

మార్కండి,
12 జులై, శనివారం

ప్రియమైన మనీష్‌కు,

నీ ఉత్తరం నిన్న అందింది. పోస్టులో వేస్తే జవాబు ఆదివారానికి చేరదు. అందుకే దీన్ని పడవతో పాటే పంపుతున్నాను.

పడవను దాచింది నేను. ఆయన పోవడానికి నాలుగు రోజుల ముందు ట్రాలీ ఆటోలో ఎక్కించి ఈ సముద్రపొడ్డు పల్లెలో ఉండే బెస్త పోతయ్యకు ఇచ్చేశాను. మా ఆఫీసుకు అర్జీ పనిమీద వస్తూ పరిచయమైన మనిషి. కాళ్లు పట్టే పడవ లేకపోతే ఆగిపోతారనుకున్నాను. పట్టనిదాంట్లో వెళ్తారని తోచలేదు. నేను చంపానని నేను, నువ్వు చంపావని నువ్వు, ఇన్నాళ్లూ ఇలా బతికాం.

ఈ పొద్దున పోతయ్య ఇంటికి వచ్చాను. పడవ పాకలో బోర్లించి ఉంది.

"వాడుకోలేదా?" అన్నాను.

"నేదమ్మా. బాబు ఉంచమన్నాడు గదా."

"ఏ బాబు?"

"మీ పొడుగు బాబేనమ్మా. మీరిచ్చిన మర్నాడే ఎతుక్కుంటా వొచ్చాడు. సూసాడు. 'మా ఆవిడ బయపడి దాసింది, నేనొచ్చినట్టు సెప్పకు, సిన్నబుచ్చుకుంటాది' అనేసి ఎల్లిపోనాడు."

తెలుసు, మనీష్. ఆయనకు తెలుసు. నాతో ఒక్క మాట అనలేదు. నీతో కనబళ్లేదని అబద్ధమాడారు. నా మనసు కష్టపెట్టకూడదనుకున్నారు గానీ ఏటిని మాత్రం వదల్లేకపోయారు. రెండేళ్లలో మొదటిసారి ఆయన మీద కోపం వచ్చింది. ఇసకలో కూలబడి, పేరు పెట్టి, నోటికొచ్చినట్టు తిట్టాను. పోతయ్య భార్య మంచినీళ్లు తెచ్చి పక్కనే కూర్చుంది.

నిన్ను ఆపను. ఆ పొట్టిదాన్ని మాత్రం ముట్టుకోకు. దీంట్లో కూడా ముందు నిలకడ నీళ్లలో తిరగబడి, కాళ్లు బయటికొస్తున్నాయని చూసుకున్నాకే ఏట్లోకి దిగు.

నువ్వు ఆయనకన్నా రెండంగుళాలు పొడుగు. లోపల కాళ్లు తన్నిపెట్టే పలకల మరలు ఉప్పుగాలికి బిగుసుకుపోతే పోతయ్య కొబ్బరినూనె పోసి వదులు చేశాడు. ఆయన పాదాలు ఆనిన చోటు నుంచి వాటిని చివరి రంధ్రం దాకా నేనే జరిపాను.

నీ వదిన,
నాగశ్రీ