నాలుగో నంబరు

శ్రీవారికి,

ఫోన్లో చెబితే మీరు మధ్యలో జోకేస్తారు, అసలు సంగతి గాలికి పోతుంది. అందుకే రాస్తున్నాను. నవ్వకుండా చదవండి.

మన కంపెనీ వెబ్‌సైట్లన్నీ ఇకమీదట ఏ ఫ్రేమ్‌వర్క్ మీద కట్టాలో, అంటే ఏ చట్రం మీద నిలబెట్టాలో తేల్చే పని నా నెత్తిన పడిందని మీకు తెలుసు. అన్ని బ్రాంచిలవాళ్ళూ పంపినవాటిలో చివరికి నాలుగు మిగిలాయి. రాసినవాళ్ళ పేర్లు తీసేసి నంబరూ, ఎంతమంది రాశారన్నదీ మాత్రం ఇచ్చారు.

ఏ ఫ్రేమ్‌వర్కయినా మొదటి రోజు ముద్దుగానే ఉంటుంది. నాలుగు లైన్లు రాయగానే పేజీ కళకళలాడుతుంది, మనం మురిసిపోతాం. నేను మాత్రం ముందు కావాలని తప్పులు చేస్తాను. బ్రాకెట్ మూయను, లేని ఫైలు తెరవమంటాను. అప్పుడది నాతో ఎలా మాట్లాడుతుందో చూస్తాను. రెండో నంబరు "తప్పు" అని ముఖం మాడ్చుకుని కూర్చుంది, ఎక్కడో ఏమిటో చెప్పదు. దీన్ని రాసిన మహానుభావుడితో కాపురం చేసే ఇల్లాలెవరో గానీ పాపం అని రిపోర్టులోనే రాసేశాను.

నాలుగో నంబరేమో, "ఈ ఫైలు కనబడలేదు. పేరులో ఒక అక్షరం తేడా ఉందేమో చూడండి. నాకూ ఇలాగే అవుతుంటుంది" అంది. నా చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. అవి మీ మాటలు. నేను పొయ్యి మీద పాలు మరిచిపోయినా, తాళంచెవి లోపలే పెట్టి తలుపేసినా మీరనేది అదే కదా. మీరూ ఒకటి పంపారని మీ బ్రాంచి స్నేహితుడు మొన్న నోరు జారాడు. బదిలీ మీద ఆ ఊరు వెళ్ళినప్పటి నుంచీ సాయంత్రమైతే "పనుంది, తర్వాత చేస్తా" అని మీరు ఫోన్ పెట్టేస్తుంటే, ఏమేమో ఊహించుకుని కుమిలిపోయాను. ఇదా ఆ పని!

అయినా నాలుగోదాన్ని కాదన్నాను. అది ఒక్క మనిషి రాసింది. ఆ మనిషికి జ్వరమొస్తే దాన్ని చూసేవాళ్ళు లేరు. ఇంతమంది పనిని ఒక్కరి మీద వేయలేను. చప్పగా ఉన్నా, పదిమంది చేతులు పడ్డ ఒకటో నంబరునే ఎంచాను. సంతకం పెట్టి బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. మీటింగులో ఎవరో చెబితే వినేకంటే నా నోటే వినండి. అలిగితే అలగండి, మాట్లాడ్డం మాత్రం మానకండి.

మీ తనిఖీదారు


తనిఖీదారుగారికి,

నవ్వద్దన్నావు. పక్క సీటువాడు లేచొచ్చి చూసేంత నవ్వాను. తర్వాత కళ్ళు తుడుచుకున్నాను.

నాలుగోది నాది కాదు. ఎవరిదో నాకూ తెలీదు. నాది రెండోది. ఆ ఇల్లాలివి నువ్వే, జాలంతా నీ దగ్గరే ఉంచుకో.

చెబితే నా ముఖం చూసి తీర్పు చెప్పలేక నలిగిపోతావని దాచాను. దాచి అంతకన్నా ఎక్కువ నలిపేశానని ఇప్పుడు తెలిసింది. ఏడాది కష్టం ఒక్క మాటతో పోయింది, బాధ లేదంటే అబద్ధం. కానీ నువ్వు రాసింది నిజం. పేజీ వేగంగా తెరుచుకోవాలన్న యావలో, తప్పు చేసి దిక్కులు చూసే మనిషి నాకు తట్టనేలేదు.

అయితే ఒకటి. పేర్లు లేని నాలుగింటిలో ఓపిగ్గా, మెత్తగా మాట్లాడేది కనబడగానే అది నేనే అనుకున్నావు చూడు, ఆ ముక్క దగ్గర ఆగిపోయాను. మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. శుక్రవారం సాయంత్రానికి ఇంట్లో ఉంటాను. రెండోది నాదని ఎవరికీ చెప్పకు. నాలుగోది నాదనుకున్నావని మాత్రం కనబడ్డ ప్రతివాడికీ చెప్పాలనుంది.

నీ రెండో నంబరు