మోతీ జిమ్మేదారి

ఇబ్రహీంపట్నం,
9 ఫిబ్రవరి 2025.

రత్నాకర్ గారికి,

మీరెన్నడూ చూడని శివాని నమస్కరించి రాస్తున్నది. బొంగులూరు కొత్త ఇంట్లో మీరంతా కుశలంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేను కుశలం. మీ కుక్క కూడా కుశలమే. ఈ ఉత్తరం దాని గురించే.

సుక్కమ్మ గారింట్లో మీరు ఖాళీ చేసిన పై పోర్షన్‌లో దిగింది నేనే. ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. మీ ఫోన్ నంబర్ సుక్కమ్మ గారు ఇచ్చారు. నొక్కాను కూడా. మోగకముందే పెట్టేశాను. తెలియనివాళ్ళతో ఫోన్లో నాకు గొంతు పైకి రాదు. కాగితం మీదైతే ఏదైనా అడగగలను.

నేను దిగిన రోజు పాలు పొంగించి, ఒక గ్లాసు కిందికి ఇచ్చి వద్దామని తలుపు తీశాను. బయటి ఇనుప మెట్ల పైమెట్టు మీద గడ్డం ఆనించి ఒక గోధుమరంగు కుక్క పడుకుని ఉంది. ఎవరిదని అడిగితే సుక్కమ్మ గారు, “పాత కిరాయిదారుది. సామాన్లన్ని యాదికుండె, కుక్కనే మర్సిపోయిండు” అన్నారు. మీరు మరిచిపోయారని నేననుకోను. అందుకే అడుగుతున్నాను.

దాని పేరేమిటి? నాకు తోచిన పేర్లన్నీ పెట్టి పిలిచాను. దేనికీ చెవి కూడా కదపలేదు. సందు మలుపులో కాలేజీ బస్సు హారన్ కొడితే నేనే ఉలిక్కిపడతాను, అది నిద్రపోతుంది. నేను మెట్లెక్కి దాని మీదుగా దాటినా లేవదు. కానీ సుక్కమ్మ గారి కొడుకు ఐలేష్ డ్యూటీ బూట్లతో కిందిమెట్టు మీద కాలు వేశాడంటే చాలు, చటుక్కున లేచి తోక ఊపుతుంది. అతను కనిపించాక మళ్ళీ పడుకుంటుంది. ఎవరి కోసం లేస్తుందో నాకు అర్థమైంది. పేరుకు ఎందుకు లేవదో అర్థం కాలేదు.

ఇంకొక సంగతి. కొన్ని రోజులు తెల్లవారకముందే కిందికి దిగి, ప్రహరీ దగ్గర నిలబడి ఆపకుండా మొరుగుతుంది. కొన్ని రోజులు అసలు మొరగదు. ఇది మీరున్నప్పుడూ ఉందా?

అడగడానికి కారణం ఉంది. పక్కింటి బాలనర్సమ్మ గారు మొన్న గోడ మీదుగా, “ఏందే సుక్కమ్మా, కిరాయిదారు పోయినంక కుక్కకు కిరాయికిచ్చినవా ఇల్లు? తెల్లారకముందు కుక్క ఏడిస్తె మంచిదానే ఇంటికి?” అని నిలదీశారు. సుక్కమ్మ గారికి మాట పడటం ఇష్టం ఉండదు. వెంటనే పైకి వచ్చి నాతో, “గిది నా కుక్క కాదు, నీ కుక్క కాదు. మరి ఎవ్వలి జిమ్మేదారి? రేపు ఎవ్వల్నన్న కరిస్తె నా గేటు మీదికే వస్తరు. పున్నం దాటినంక ఇక్కడ ఉండొద్దు” అన్నారు. అడ్డు చెప్పడానికి నేనూ కిరాయికి ఉన్నదాన్నే.

అది మెట్ల మీద పాడు చేస్తే పాత పేపరుతో ఎత్తేస్తున్నాను. అన్నం పెడుతున్నాను. కానీ దానికి సూది వేయించారో లేదో నాకు తెలియదు. పేరు తెలియదు, వయసు తెలియదు. తెలియనిదాన్ని ఉంచమని ఎలా అడగను? మీరు దాన్ని తీసుకువెళ్తారో, మరేం చేస్తారో రాయండి.

ఇట్లు,
శివాని


ఇబ్రహీంపట్నం,
19 ఫిబ్రవరి 2025.

రత్నాకర్ గారికి,

నమస్కారాలు. నా ఉత్తరం అంది మీరు సుక్కమ్మ గారికి ఫోన్ చేసినప్పుడు నేను మెట్ల మీదే ఉన్నాను. ఆమె స్పీకర్ పెట్టారు. చాటుగా వినాలని కాదు, దాటి వెళ్ళడానికి మోతీ దారి ఇవ్వలేదు. దాని పేరు మోతీ అని అలా తెలిసింది.

మిగతావీ విన్నాను. అడ్వాన్స్ కట్టి సామాను దించాక గానీ మీ అపార్ట్‌మెంట్లో కుక్కను రానివ్వరని తెలియలేదన్నారు. “ముందుగాల్నే అడగాలె, గలతీ నాదే” అని ఒప్పుకున్నారు. రావిర్యాలలో మీకు తెలిసిన గోదాము ఉందనీ, కాపలాకు కుక్క కావాలన్నారనీ, పున్నం దాటినా 23వ తేదీ ఆదివారం దాకా ఆగమనీ, ఆ రోజు ఆటో తెచ్చి తీసుకుపోతాననీ చెప్పారు. “కట్టేసుడు లేదక్కా, ఇడిసిపెడ్తరు. పగలు రాత్రి లారీలు తిరుగుతనే ఉంటయి, డ్రైవర్లు తినంగ మిగిలిందే దానికి మస్తు” అన్నారు. తెల్లవారుజాము మొరుగుడు సంగతి ఆమె అడిగితే, “నేనేం నేర్పలే. రాత్రంత లారీ తోలి వచ్చేటోణ్ని, పండుకుంటె నాకే సోయి ఉండకపోతుండె” అన్నారు.

అయితే ఎవరు నేర్పారు? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

మీకు తెలియనిది కాదు, ఈ సందుకు నల్లా నీళ్ళు రోజూ రావు. వచ్చే రోజైనా వేళ ఉండదు. వాల్వ్ తిప్పే కిష్టాను బాలనర్సమ్మ గారు కనిపించినప్పుడల్లా పట్టుకుంటారు. “ఇడిసినవా? ఎప్పుడు ఇడిసినవ్? మా ఇంటి ముంగట నుంచి పోయినయా, పైకెళ్ళి పోయినయా?” అని. అతను సైకిల్ దిగకుండానే, “ఇడిసిన పెద్దమ్మా. మీరు పండుకున్నరు” అంటాడు. ఈ జగడం నా కిటికీ కిందే జరుగుతుంది.

ఒక రోజు తెల్లవారుజామున మోతీ మెట్లు దిగడం చూసి నేనూ దిగాను. నేను వెనకే ఉన్నా అది తిరిగి చూడలేదు. ప్రహరీ కింద నుంచి లోపలికి వచ్చే నల్లా పైపు ఉంది కదా, దాని మీద గడ్డం ఆనించి పడుకుంది. చాలాసేపు ఏమీ లేదు. నేను లోపలికి పోదామనుకునేలోగా లేచి, ఆకాశం వైపు తలెత్తి మొరగడం మొదలుపెట్టింది. ఎదురింట్లో ఎవరో తిట్టారు. బాలనర్సమ్మ గారింట్లోంచి ఒక చెప్పు వచ్చి పడింది.

పైపు దగ్గర చెవి పెట్టాను. ఏమీ వినిపించలేదు. చెయ్యి వేశాను. నిద్రపోతున్న పిల్లి పొట్టలాగా సన్నగా అదురుతోంది. కాసేపటికి నల్లా దగ్గింది, గాలి వదిలింది, నీళ్ళు వచ్చాయి.

సందంతా అప్పటికి దుప్పటి ముఖం మీదికి లాక్కుని మళ్ళీ నిద్రపోయింది. ఇన్నాళ్ళుగా జరిగింది ఇదే. అది నీళ్ళు వస్తున్నాయని లేపుతుంది, వీళ్ళు దాన్ని తిట్టి పడుకుంటారు, పొద్దున లేచి కిష్టాను తిడతారు.

సుక్కమ్మ గారికి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. చెబితే నవ్వారు. “పుస్తకాలు సదివి సదివి కుక్కకు సుత నౌకరి ఇప్పిస్తున్నవా బిడ్డా?” అన్నారు. కానీ మరుసటి సారి అది మొరగ్గానే బిందెలు పట్టుకుని వచ్చారు. డ్రమ్ము నిండింది, బిందెలు నిండాయి, చివరికి పప్పు గిన్నె కూడా నింపారు. మొరగని రోజు కిష్టా రాలేదు. ఇప్పుడు బాలనర్సమ్మ గారే గోడ మీదికి తల పెట్టి అడుగుతున్నారు, “ఇయ్యాల మొరిగిందా?” అని. చెప్పు మాత్రం ఇంకా తిరిగి అడగలేదు.

దాంతో అంతా సర్దుకుందని అనుకున్నాను. అలా కాలేదు. “నీళ్ళకు మొరుగుడు మంచిదే. కరిస్తె మాత్రం ఎవ్వలు జవాబు చెప్పాలె? రత్నాకర్ ఆడ, కుక్క ఈడ. పేరు పెట్టి ‘నాది’ అనేటోళ్ళు ఒక్కలు ఉండాలె గదా” అన్నారు సుక్కమ్మ గారు. నిజమే. ఆమె నా ముఖం వైపు చూశారు. ఒక్క మాట అంటే సరిపోయేది. నేను తల దించుకుని పైకి వచ్చేశాను.

కాబట్టి మీరు ఆదివారం రండి. రేపు సెలవు పెట్టి దాన్ని పశువుల దవాఖానకు తీసుకువెళ్ళి రేబిస్ సూది వేయిస్తాను. గోదాముకు వెళ్ళినా సూది వేయించుకుని వెళ్ళడం మంచిది. దానికి మెడపట్టీ, తాడు కొన్నాను. ఆ రెండూ వెంట పంపిస్తాను. అక్కడ నీళ్ళకు పైపు ఉందా, ట్యాంకరా అని అడగాలనిపిస్తోంది. పైపైతే బాగుండును.

ఇట్లు,
శివాని

తా.క.

21వ తేదీ. ఉత్తరం ఇంకా నా దగ్గరే ఉంది. పోస్టులో వేస్తే ఆదివారంలోగా చేరదు. ఐలేష్ ఆదిబట్ల డ్యూటీకి పోతూ మీ వాచ్‌మన్‌కు ఇస్తానన్నాడు. ఆలస్యమైనందుకు సంతోషిస్తున్నాను. పైన రాసింది కొట్టివేయడం లేదు, కానీ అదే పూర్తి నిజం కాదు.

నిన్న దవాఖానలో మా వెనకాల ఎవరిదో చెయ్యి తగిలి స్టీలు ట్రే బండల మీద పడింది. నేను అరిచాను. పక్కన కట్టేసిన మేక తాడు తెంచుకోబోయింది. మోతీ నా చెయ్యి నాకుతూనే ఉంది. డాక్టరు గారు దాన్ని చూశారు, నన్ను చూశారు. దాని వెనక్కి వెళ్ళి గట్టిగా చప్పట్లు కొట్టారు. ఈల వేశారు. తర్వాత నేల మీద మడమతో తన్నారు. అప్పుడు తిరిగింది.

మోతీకి వినిపించదు, రత్నాకర్ గారూ. కొత్తగా వచ్చిన చెవుడు కాదన్నారు డాక్టరు గారు. వినికిడి మీ దగ్గరున్నప్పుడే పోయి ఉంటుంది. సుక్కమ్మ గారు చెప్పినట్టు మీరు లారీ దిగి బరువు బూట్లతోనే ఇనుప మెట్లెక్కి వస్తుంటే, పైమెట్టు మీద ఆనించిన గడ్డానికి ఆ అదురులో మీరు తెలిసేవారు. పిలిస్తే వచ్చిందని మీరనుకున్నారు. పైపు కూడా దానికి అలాగే తెలిసింది. బస్సు హారన్, నేను పెట్టిన పేర్లు, మీరు పెట్టిన పేరు, దానికి ఏవీ లేవు.

పగలూ రాత్రీ లారీలు వెనక్కి తీసే గోదాములో, విడిచిపెట్టిన, హారన్ వినిపించని కుక్క. నేను ఇంకేమీ రాయను.

ఇంటికి వచ్చి సుక్కమ్మ గారి ముందు నిలబడి చెప్పాను. నా గొంతు నాకే వినిపించలేదనుకుంటాను, ఆమె, “జర గట్టిగ చెప్పు. కుక్కకే ఇనబడదనుకున్న, నీకు మాట సుత రాదా?” అన్నారు. మళ్ళీ చెప్పాను. “నాది” అన్నాను. బాలనర్సమ్మ గారు గోడ అవతల నుంచి, “అవ్, ఇనబడ్డది” అన్నారు.

సుక్కమ్మ గారు తాడు వంక చూశారు. తర్వాత షరతులు చెబుతూ వేళ్ళు మడిచారు. సందులోకి తాడు లేకుండా తీసుకురావద్దు. మెట్లు రోజూ కడగాలి. ఏటా సూది వేయించి ఆమెకు చూపించాలి. ఆఖరి వేలు మడవకుండా నా వైపు చూపించి, “ఇల్లు ఇడిసిననాడు నా గేటు కాడ ఇడిసిపెట్టి పోవద్దు. పోతె ఇద్దరు పోవాలె. ఇల్లు చూసుకునేటప్పుడు ముందుగాల్నే అడుగు, కుక్క ఉన్నదని. మోమాటపడకు” అన్నారు. సరేనన్నాను. మీ మీద కోపంతో అన్న మాట కాదది. మీరు వస్తారని బియ్యం రొట్టెలు చేస్తానంటున్నారు.

ఆదివారం ఆటో తేవద్దు. మీరు మాత్రం రండి. అవే బూట్లు వేసుకుని రండి. పిలవకండి. కిందిమెట్టు మీద ఎప్పటిలాగే కాలు వేయండి, చాలు.

నా చెప్పులు మెత్తనివి, నా అడుగు దానికి ఇంకా అందడం లేదు. మీరెంత గట్టిగా వేస్తారో పైన నిలబడి చూస్తాను. నేర్చుకోవాలి.