పాపకు కట్టిన పాట

నవంబరు 14, శుక్రవారం

ప్రభువునందు ప్రియమైన అక్కకు, తమ్ముడు వందనాలతో వ్రాయునది. ఆయన కృపవల్ల ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ బావా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

చూశావా, నాన్న నేర్పిన వరసలోనే మొదలుపెట్టాను. నీకు రాసేటప్పుడు ఇంకోలా మొదలుపెట్టడం నాకు చేతకాదు. మూడు వారాలుగా నీ ఉత్తరానికి జవాబు రాయకుండా తప్పించుకు తిరిగాను. అందులో ఒక్క తిట్టయినా లేదు. తిట్టి ఉంటే ఆరోజే రాసేవాణ్ణి, పోట్లాటలో నేను నీకేం తీసిపోను గదా.

"అది మా పాప కోసం కట్టిన పాట అని ఒక్కసారి మైకులో చెప్పరా, చాలు. నా పేరు కూడా వద్దు" అన్నావు. అంతే అడిగావు.

ఎలా మొదలైందో చెప్పనీ. పాప చనిపోయిన ఏడాదికి ఆ పాట చర్చిలో పాడాను. ఆరాధన అయ్యాక పాస్టరుగారు ఎవరు కట్టారని అడిగారు. అలవాటు చొప్పున నాదేమీ లేదండి, అంతా ఆయనిచ్చిందే అనేశాను. మనింట్లో ఎవరు మెచ్చుకున్నా ఆ మాటే అనాలి గదా. చిన్నప్పుడొకసారి బాగా సాధన చేశానండి అన్నందుకు నాన్న నన్ను నెలరోజులు గాయక బృందంలో వెనక వరసలో నిలబెట్టి నోరు తెరవనివ్వలేదు. అప్పట్నుంచీ ఆ జవాబు నా నాలుక చివరే ఉంటుంది. కానీ పాస్టరుగారు ఆరోజు నన్ను మెచ్చుకోవడం లేదు. కట్టిందెవరని మామూలుగా అడిగారు, అంతే.

మర్నాడు వెళ్లి సరిదిద్దుకోవచ్చు. వెళ్లలేదు. రికార్డింగు కోసం ఫారం నింపేటప్పుడు స్వరకల్పన అన్నచోట నా పేరే రాశాను. నోటితో ఆయనదన్నాను, కాగితం మీద నాదన్నాను. సౌండు ఇంజనీరు ఈ లయ ఎక్కడ పట్టావని తెగ ముచ్చటపడ్డాడు. నీ కుట్టుమిషను పెడలుదని చెప్పలేకపోయాను. పాప జ్వరంతో మిషను పక్కనే చాప మీద పడుకునేది, నువ్వు కాలు ఆపకుండా బడిపిల్లల యూనిఫాంలు కుడుతూ పాడేదానివి. నేను గుమ్మంలో కూర్చుని నేర్చుకున్నాను.

తర్వాత డ్రమ్ములు పెట్టి వేగం పెంచాం. ఇప్పుడు జనం గంతులేస్తూ పాడుతున్నారు. అది మొదలవగానే నువ్వు లేచి బయటికి వెళ్లిపోయేదానివని, ఈమధ్య చర్చికే రావడం మానేశావని బావ ఫోనులో చెప్పాడు.

సభల్లో పాట ఎలా పుట్టిందో సాక్ష్యం చెప్పమన్నారు. మోకాళ్ల మీద ఉండగా ఆ పాట వచ్చిందన్నాను. ఇంకో సభలో ఉపవాసం మూడోరోజు వచ్చిందన్నాను. చెప్పగా చెప్పగా నాకే నమ్మకం కుదిరింది. ఇంత పేరొచ్చినా వీడికి గర్వం లేదని అందరూ అంటుంటే నిజమే కాబోలనుకుని మురిసిపోయాను. సిగ్గుగా ఉందక్కా.

ఎల్లుండి పెద్ద సభ. నాకు సన్మానమట. పాడేముందు ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. మా అక్క కట్టింది, పోయిన తన బిడ్డ కోసం కట్టింది అంటాను. ఎవరెంత దుమ్మెత్తి పోసినా సరే. ఆ తర్వాత ఇంక ఎవరూ పిలవకపోయినా సరే.

బావకు నా వందనాలు చెప్పు.

ప్రేమతో,
నీ తమ్ముడు

తా.క. ఇది సోమవారం ఉదయం రాస్తున్నాను. శుక్రవారం ఈ ఉత్తరం పోస్టు చేయలేదు. చేస్తే మాట తప్పే వీలుండదని జేబులోనే ఉంచుకున్నాను, నన్ను నేను అంత బాగా ఎరుగుదును. నిన్న వేదిక మీద ఈ పాట నేను కట్టింది కాదు అన్నదాకా వచ్చాను. చప్పట్లు మొదలయ్యాయి. అవి ఆగిపోయాయి కూడా అక్కా. మైకు నా చేతిలోనే ఉంది. ముందు వరసలో ఒకావిడ అప్పటికే కళ్లు తుడుచుకుంటూ నావంకే చూస్తోంది. "ప్రభువే ఇచ్చాడు" అన్నాను. పాస్టరుగారు నా భుజం మీద చేయి వేసి, ఇంత ఎత్తుకెదిగినా ఈ తగ్గింపు గుణం ఎలా ఉందో చూసి నేర్చుకోండని అందరికీ చెప్పారు. నేను తల వంచుకున్నాను. దానికీ చప్పట్లు కొట్టారు.