కొత్త మొగుడికి పాత మొగుడి పూచీ

వలస వీసాల పరిశీలనాధికారి గారి సముఖమునకు, మిన్నెసోటా రాష్ట్రం, డులూత్ వాస్తవ్యురాలు, తాత్కాలిక తత్త్వశాస్త్ర అధ్యాపకురాలు మారెన్ హౌగెన్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా భర్త జురాబ్ లోమ్‌టాడ్జె వీసా దరఖాస్తును, పన్ను రిటర్నులో నేను 'అవివాహిత'నని ఉన్న కారణమున, తమరు నిలిపివేయుట గురించి.

పై విషయమై విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను అమెరికా పౌరురాలిని. వయస్సు నలభై నాలుగు. నల్ల సముద్రపు జార్జియా దేశంలో, కుతైసి అను ఊరిలో, పాత పియానోలు శ్రుతి చేసే జురాబ్‌ను రెండేళ్ల క్రితం వివాహమాడితిని. పెళ్లి ఫొటోలో వధువు ఎందుకు నవ్వడం లేదని తమ కార్యాలయం లిఖితపూర్వకంగా అడిగినది. ఆ దేశపు విందులో ఒక పెద్దమనిషి లేచి, బతికున్నవాళ్ల పేరునా, పోయినవాళ్ల పేరునా, పుట్టబోయేవాళ్ల పేరునా గ్లాసు ఎత్తుతూనే ఉంటాడు. కొత్త చెప్పులతో సాయంత్రమంతా నిలబడిన ఆడమనిషి నవ్వదు. ఇది నా జవాబుగా దాఖలు చేసుకొనగలరు.

2. విదేశీ భర్తను తెచ్చుకొను స్త్రీ రాబడి, పేదరికపు గీతకు తగినంత ఎగువన ఉండవలెనని నిబంధన. రెండు కళాశాలల్లో పాఠాలు చెప్పే నేను ఆ ఎత్తు అందుకోలేకపోయాను. ఆ కళాశాలల్లో ఒకటి ప్రభుత్వానిదే. జీతం ఇచ్చేదీ వారే, ఈ జీతానికి మొగుడెందుకమ్మా అనేదీ వారే. జురాబ్ సంపాదన పనికిరాదట, అది అక్కడిది. కావున తగిన రాబడి గల వేరొకరిచేత పూచీకత్తు రాయించి తెమ్మని తమరు సెలవిచ్చితిరి.

3. నాన్న లేడు. అక్క కుక్కలకు జుట్టు కత్తిరించే దుకాణం పెట్టి నష్టాల్లో ఉంది. ఇక తగిన రాబడి గల మనిషి నా ఎరుకలో ఒక్కడే: రేవులో క్రేన్ నడిపే డేల్ స్ట్రాండ్, నా మాజీ భర్త. వెళ్లి అడిగాను.

"డేల్, నీ సంతకం ఒకటి కావాలి."

"మళ్లీనా? పోయినసారి పెట్టిన సంతకానికి సగం ఇల్లు పోయింది."

కళ్లజోడు పెట్టుకుని కాగితాలన్నీ చదివాడు. విడాకుల పత్రం కూడా అంత శ్రద్ధగా చదవలేదు.

"ఇదేంటి మారెన్, రేపు మీరిద్దరూ విడిపోయినా నేను అతన్ని వదలకూడదా?"

"వదలకూడదట."

"పాస్టరు ముందు నీకిచ్చిన మాటకన్నా ఇదే గట్టిగా ఉందే!" అని కలం తీశాడు. "ఇంతకీ చేపలు పడతాడా?"

"తెలీదు."

"మొగుడి గురించి నీకెప్పుడు ఏం తెలిసింది గనక," అని సంతకం పెట్టాడు.

4. ఇక దరఖాస్తుకు జతచేసిన నా పన్ను రిటర్నులోని తప్పు సంగతి. మా చర్చి నేలమాళిగలో ప్రతి వసంతంలోనూ తపాలా శాఖలో రిటైరైన ఆర్విల్ గారు ఊరివారి పన్ను కాగితాలు ఉచితంగా నింపిపెడతారు. ఆయన కంప్యూటరు నా భర్తకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబరు అడిగింది.

"లేదండీ, ఆయనింకా అక్కడే ఉన్నారు," అన్నాను.

"నంబరు లేని మొగుణ్ణి ఇది ఒప్పుకోదమ్మాయ్. అతనొచ్చాక పెళ్లయిందని చెబుదాం. ఇప్పటికి ఒంటరి అని నొక్కేస్తున్నా, సరేనా?"

నా వెనక కాఫీ కప్పులు పట్టుకుని సగం ఊరు నిలబడి ఉంది. మా వైపు, వెనకున్నవాళ్లను నిలబెట్టి ఉంచడం కన్నా చిన్న అబద్ధం తక్కువ పాపం. సరే అన్నాను. కాగితం మీద నింపి, నంబరు గడిలో 'విదేశీ నివాసి' అని రాసి తపాలాలో పంపితే సరిపోయేదని ఆ తర్వాత తెలిసింది. ఆ అబద్ధం వల్ల నాకు ఒక్క సెంటు మిగల్లేదు. తర్వాత దిద్దిన రిటర్నులో ఒక్క సెంటు పన్ను పెరగలేదు. లాభం లేకుండా మోసం చేసినదానిగా తమ దస్త్రాలలో నాకు ప్రత్యేక స్థానం లభించగలదని ఆశిస్తున్నాను.

5. ఇంటర్వ్యూ విశేషాలు జురాబ్ ఫోనులో చెప్పాడు.

"మీ ఆవిడకి పెళ్లయిందా అని అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"నాతో అయింది, ఇంకెవరితోనైనా అయినట్టు మీకు తెలిస్తే చెప్పండి అన్నాను."

"జురాబ్! వీసా ఆఫీసరుతో వేళాకోళమా?"

"నవ్వలేదులే. రాసుకున్నాడు. పూచీ పడినవాడు అంత మంచివాడైతే ఆమె ఎందుకు వదిలేసింది అని కూడా అడిగాడు."

"దానికి?"

"పొద్దున్నే ఈల వేస్తాడట సార్, అన్నాను. అదీ రాసుకున్నాడు."

అటుపిమ్మట తమరు జారీ చేసిన చీటీలో 'వివాహము సంశయాస్పదము' అని ఉన్నది.

6. అయ్యా, సంశయం నా వృత్తి. పిల్లలకు చెప్పి బతికేదే అది. ఎదురుగా ఉన్న బల్ల ఉన్నదా లేదా అని ఏడాదంతా వాదిస్తాను. కావున తమ చీటీ చదివి ఒక రాత్రి నేనూ ఆలోచించాను: తన మంచంలో అవతలి సగం ఖాళీగా, చల్లగా పడి ఉన్న మనిషి, ఫోనులో మాత్రమే మొగుడున్న మనిషి, ఆ గడిలో 'ఒంటరి' అని నొక్కితే అది మరీ అంత అబద్ధమా? ఇంతవరకు నాకు జవాబు తేలలేదు. తమకు మాత్రం పావుగంటలో తేలిపోయినది. అంతటి జ్ఞాని కిటికీ వెనక కూర్చుని ముద్రలు వేయుట తత్త్వశాస్త్రానికి తీరని నష్టం.

7. దిద్దిన రిటర్ను పంపితిని. అది నమోదు కావడానికి నెలలు పడుతుందని పన్నుల శాఖ వారు అంటున్నారు. నమోదైన ప్రతి ఈ నెలాఖరులోగా అందనిచో దరఖాస్తు మూసివేస్తామని తమరు అంటున్నారు. మూస్తే మళ్లీ మొదటి కాగితం నుంచి, మళ్లీ ఏళ్లు. ఇద్దరూ ఒకే ప్రభుత్వం, ఒకే జెండా. ఒకరికొకరు ఫోను చేసుకోరాదా? మొగుడూ పెళ్లాలకు ఇన్ని రుజువులడిగే తమకు, మీలో మీకే సంబంధం ఉన్నట్టు ఒక్క రుజువూ లేదు.

కావున దిద్దిన రిటర్ను అందినట్టు పన్నుల శాఖ ఇచ్చిన రసీదును, శ్రీ డేల్ స్ట్రాండ్ పూచీకత్తును స్వీకరించి, నా భర్తకు వీసా మంజూరు చేయుటయో, కనీసం గడువు పొడిగించుటయో చేయ ప్రార్థన. తమరికి తీరిక చిక్కినప్పుడు గాక, నెలాఖరు రాకముందే చిత్తగించవలెను.

తమ విధేయురాలు (వేరే దారి లేక),
మారెన్ హౌగెన్

తాజా కలం: ఈ అర్జీ తపాలాలో వేయడానికి పోతూ దారిలో డేల్ ఇంటి దగ్గర ఆగాను. సరస్సు గడ్డకట్టాక మంచు మీదికి ఈడ్చుకుపోయి, లోపల కూర్చుని చేపలు పట్టే గుడిసెకు పెరట్లో రంగు వేస్తున్నాడు. వీసా రాకపోతే నీ పూచీ కూడా రద్దవుతుంది, నీకు విముక్తి అని చెప్పాను. కుంచె పక్కన పెట్టాడు.

"అదేంటి? నేను అతనికి స్టూలు చేసి పెట్టానే!"

లోపలికి తొంగి చూశాను. ఎప్పుడూ ఒక్క స్టూలుండే గుడిసెలో రెండున్నాయి. ఫొటో జతపరచితిని. ఇది ఏ పత్రం కింద దాఖలు చేయవలెనో తెలియజేయగలరు.