చుక్క లేవని రోజులు

అక్టోబరు 6, ఉదయం

ఈరోజు ఒకే ఒక్క జీబియా, అదే మా తీరపు పెద్ద స్క్విడ్, దొరికింది. నాన్న పడవ దిగుతూనే, ఇదిగోనే మీ మహారాణి, నీకంటే బరువుంది, చక్కిలిగింతలు పెట్టుకో అన్నాడు. డెబ్బై దాటినా నోరు మాత్రం తగ్గలేదు.

ల్యాబ్‌లో బల్ల మీద పరిచి కోశాను. మోచేతుల దాకా సిరా. పది చేతుల ఆ జంతువులోంచి పెద్ద నరం తీసేటప్పుడు నాకు తెలియకుండానే ఊపిరి బిగబడతాను. సేమ్యా పుల్లంత మందం. సముద్రపు నీళ్ల తొట్టిలో వేసి, సన్నటి గాజుసూది దూర్చి, స్క్రీన్ పెట్టాం. ఆకుపచ్చ చుక్క సున్నాకి కింద కూర్చుంది. మైనస్ అరవై మిల్లీవోల్టులు. ఏ పనీ లేనప్పుడు కూడా ఆ నరం అంత ఓల్టేజి పట్టుకుని కూర్చోవడం నాకెప్పుడూ వింతే.

చిన్న షాక్ ఇచ్చాం. నరం గోడలో సోడియం తలుపులు తెరుచుకున్నాయి, బయటి ఉప్పు లోపలికి దూకింది, చుక్క లేచింది. వెంటనే ఆ తలుపులు మూసుకుని, వేరే తలుపుల్లోంచి పొటాషియం బయటికి పోయింది, చుక్క దిగింది. దిగిన ఆ క్షణంలో ఎంత గిల్లినా పలకదు. కాస్త ఆగితే మళ్లీ సిద్ధం. పద్దెనిమిదేళ్లుగా చూస్తున్నాను. లేవడం, దిగడం. చూస్తూ ఉంటే ఎక్కడో తేలుతున్నట్టుంటుంది.

అక్టోబరు 7

ప్రొఫెసర్ సాల్దియాస్ జపాను చేప విషం తెచ్చారు. తొట్టిలో ఒక్క బొట్టు వేశాం. షాక్ ఇచ్చాం. చుక్క లేవలేదు. ఎంత ఇచ్చినా లేవలేదు. పాపం చచ్చిపోయిందన్నాను.

ప్రొఫెసర్ నవ్వి, తొందరపడకు ఎడెల్మీరా, అంకె చూడు అన్నారు. మైనస్ అరవై అలాగే ఉంది. సోడియం తలుపుకి బయట ఎవరో అడ్డం నిలబడ్డారు గానీ ఇంట్లో మనుషులు ఉన్నారమ్మా అన్నారు. కొత్త సముద్రపు నీళ్లతో కడిగాం. మళ్లీ కడిగాం. చాలాసేపటికి చుక్క కాస్త వణికింది, ఆ తర్వాత పూర్తిగా లేచింది. చప్పట్లు కొట్టేశాను. సిగ్గేసింది.

అక్టోబరు 8, ఆదివారం

చిన్నాన్న ఒనోఫ్రే దక్షిణం నుంచి ఓడ దిగి వచ్చాడు, ఐసులో బస్తాడు నల్ల ఆలుచిప్పలతో. అక్కడ సముద్రం ఎర్రబడింది, చిప్పలు తినొద్దని ఏదో గోల చేస్తున్నారట. నిమ్మరసం పడితే ఏ విషమైనా చస్తుందిలే అన్నాడు. మా తీరంలో అందరమూ అనేదే అది. నేనూ అన్నాను. ఎనిమిది నిమ్మకాయలు పిండాను. చిప్పల్లోని పచ్చి మాంసం, ఉల్లిపాయ, కొత్తిమీర. నాన్న పళ్లెం ఊడ్చేశాడు, ఇంకో కాయ పిండవే పిసినారిదానా అంటూ. నేను రెండే తిన్నాను. చిన్నాన్న పంటినొప్పితో సూపు తాగి ఊరుకున్నాడు.

సాయంత్రం 4

నా పెదాలు తిమ్మిరెక్కాయి.

సాయంత్రం 5

నాన్న చేతిలోంచి గ్లాసు జారింది. ఎవరి చెయ్యో తగిలించుకొచ్చానే అని నవ్వాడు. ఆ తర్వాత మాట ముద్దయింది.

అక్టోబరు 9, ఉదయం, ఆసుపత్రి

నాన్నకి దారిలోనే ఊపిరి ఆగింది. గొంతులో ట్యూబ్ వేశారు. ఇక్కడ మిషన్ లేదు, రబ్బరు సంచి చేత్తో నొక్కాలి. నా తిమ్మిరి పెదాలు దాటలేదు, చిన్నాన్నా నేనూ వంతులు వేసుకున్నాం.

డాక్టరు నాన్న కళ్లలో టార్చి వేశాడు. మోకాలి మీద కొట్టాడు. ఏ రెఫ్లెక్సూ లేదు. చూడమ్మా, ఈయన ఇక లేరనే అనుకోవాలి, రేపు మధ్యాహ్నం దాకా చూసి ఆపేద్దాం అన్నాడు. మెత్తగానే చెప్పాడు. అందుకే ఎక్కువ భయమేసింది.

ప్రొఫెసర్‌కి ఫోన్ చేశాను. ఆలుచిప్పల విషం వేరే రకమైనా అదే తలుపుకి అడ్డం పడుతుందట. నిమ్మరసానికి చావదట. రెండు మూడు రోజుల్లో మూత్రంలో పోతుంది, అందాకా గాలి ఆపనివ్వకు అన్నారు.

పద్దెనిమిదేళ్లు నరాలు కడిగినదాన్ని. నా చేత్తోనే పెట్టాను.

అక్టోబరు 10, మధ్యాహ్నం

డాక్టరు వచ్చాడు. ఆయనకి అన్నీ వినపడుతున్నాయి, ఎదురుగా అలా మాట్లాడకండి అన్నాను. నరాల సంగతి నీకేం తెలుసమ్మా అన్నాడు జాలిగా. నాన్న మైనస్ అరవై చూపించడానికి నా దగ్గర సూది లేదు, స్క్రీన్ లేదు. సంచి నా చేతిలో ఉంది, కావాలంటే లాక్కోండి అన్నాను. నర్సు కార్మెలా సెలైన్ సీసా మార్చి నా పక్కన నిలబడింది. సరే, రేపు ఉదయం దాకా అన్నాడు డాక్టరు. అంతకంటే ఒక్క గంట ఇవ్వనన్నాడు.

మధ్యాహ్నం 3

నొక్కుతూ కునికాను. గది నిండా నీళ్లు. నాన్న తొట్టి అడుగున తెల్లగా, సన్నగా పడుకున్నాడు. నేను అలనై ఆయన మీదికి వెళ్లి వస్తున్నాను. కోపంగా లేడు. కళ్లు తెరిచేసరికి చెయ్యి ఆగలేదు, నొక్కుతూనే ఉంది. చెవి దగ్గర నోరు పెట్టి, తప్పు నాదే నాన్నా అని చెప్పాను. మొహంలో ఏమీ కదల్లేదు.

అక్టోబరు 11, ఉదయం 6

నొక్కు. వదులు.

ఉదయం 7.10

సంచి నొక్కాను. గాలి లోపలికి పోలేదు. అటువైపు నుంచి ఎవరో తోశారు.

వదిలేశాను. నాన్న ఛాతీ దానంతటదే లేచింది. దిగింది. కాస్త ఆగింది. ఆ కాస్తలో నేను చచ్చి బతికాను. మళ్లీ లేచింది.

అక్టోబరు 13

ట్యూబ్ తీశారు. అంతా విన్నాడట. ఆ డాక్టరు ఎంత మర్యాదగా చంపుతున్నాడే, లేచి థాంక్స్ చెబుదామనుకున్నాను అన్నాడు. ఇంకో కాయ అడిగింది నేనే కదటే, ఏడుపు ఆపు అన్నాడు.

అక్టోబరు 15

నాన్న వీధి చివరిదాకా నడిచాడు. నా కుడిచెయ్యి ఇంకా సంచి నొక్కుతున్నట్టు ఊరికే మూసుకుంటోంది, తెరుచుకుంటోంది. ఆపమని దానికి నేను చెప్పలేదు.