మోదుగాకు విస్తర్లు

లాల్‌పేట్, చంద్రపూర్

బామ్మర్ది పోశెట్టికి, నాకొచ్చిన నాలుగు అక్షరాల్లో నేనే రాస్తున్నాను.

మా మనవరాలి తొట్టెల పండుగలో నువ్వు విస్తరి ముందు నుంచి లేచిపోయావు. "ప్లాస్టిక్ ప్లేట్లు కొననీకి పైసల్లేవా బావా, గీ ఆకులేంది?" అని నవ్వావు.

పైసలున్నాయి. ఆ మోదుగాకు విస్తర్లు మీ అక్కా నేనూ పది రోజులు కూర్చుని కుట్టాం. నీ కొడుకు పెళ్లిలో తిన్న ప్లేట్లన్నీ మా గల్లీ వెనకే కాల్చారు. బొగ్గుగనిలో ముప్పై ఏళ్లు దుమ్ము మింగినోణ్ణి, ఆ పొగ కూడా మింగను.

ఆకుల్లో పెట్టి నీ పరువు తీశానని, మాఫీ అడగకపోతే నీ బిడ్డ పెళ్లికి రావద్దని కబురు పంపావు. అడగను. పెళ్లికి మాత్రం ఇద్దరం వస్తాం. మా విస్తర్లు మేమే తెచ్చుకుంటాం. బంతిలో కూర్చున్నాక అన్నం వడ్డిస్తావో, మీ అక్కను చెయ్యి పట్టి లేపుతావో చూస్తాను.

నీ బావ