చిగుళ్ల కింద

పురసవాక్కం,
8-7-1997

చిరంజీవి విజికి అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ, నీ తమ్ముడు నరేనూ బాగున్నాము. మదురైలో నువ్వూ పాపా చల్లగా ఉండాలని రోజూ దేవుడికి చెప్పుకుంటున్నాను. అల్లుడిగారి క్షేమం ఎందుకు అడగలేదో, ఈ ఉత్తరం ఇంటికి కాకుండా నువ్వు పాఠాలు చెప్పే స్కూలుకు ఎందుకు పంపానో చివర రాస్తాను. కంగారుపడకుండా వరసగా చదువు.

నాన్న తద్దినం ఎప్పుడని అడిగావు. పోయిన వారమే అయింది. ఆయన పోయి మూడేళ్లు దాటినా, సందులో మోపెడ్ చప్పుడైతే చాలు, నా చెయ్యి ఎడమ చెంప మీదికి పోతుంది. చొక్కాలన్నీ ఎవరెవరికో ఇచ్చేశాను. అవి తగిలించే గోడ కొక్కెం వైపు మాత్రం ఇప్పటికీ చూడబుద్ధి కాదు.

నా పళ్ల సంగతి కూడా అడిగావు. నరేన్ పోరు పడలేక పళ్ల డాక్టర్ల కాలేజీకి పోయాను. "ఆడ పరిశోధన కోసరం ఊరికే చేస్తారంట మా, నీకేం పోతింది, రా" అని లాక్కుపోయాడు వెధవ. కింద ఎడమ పక్క పోయిన రెండు పళ్ల చోటా, కొత్త పళ్లు బిగించడానికి ఎముకలోకి టైటానియం స్క్రూలు దించారు. ఒకటి అద్దంలా నున్నగా ఉంది. రెండోదాన్ని కావాలనే గరుకు చేశారట. దేని చుట్టూ ఎలా మానుతుందో చూడాలని పక్కపక్కనే పెట్టి, పైన చిగుళ్లు కుట్టేసి, కొన్ని నెలలు ఆగమన్నారు. ఆ నెలలన్నీ అన్నం నమిలినప్పుడల్లా ఎవరో లోపలి నుంచి నా దవడ పట్టుకున్నట్టుండేది. ఎవరో కాదు, ఆయనే.

మొన్న చిగుళ్లు విప్పారు. డాక్టరు కార్తీక మనలాగా ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లే. విప్పే ముందు నాకు అద్దం చూపించింది. రెండు చోట్లా ఒక్క మచ్చ లేకుండా ఎంత చక్కగా మూసుకున్నాయో! విప్పాక చిన్న కడ్డీతో తట్టింది. గరుకుది ఖంగుమంది. నున్నటిది బొంగురుగా పలికి, కదిలింది. అబ్బా, ప్రాణం పోయిందనుకో.

"పైన అంత బాగా మానిందే?" అన్నాను.

"చిగుళ్లకు నున్నటిదే సరి మా, చుట్టూ మూసుకునేస్తాయి. ఎముకకు మాత్రం గరుకుంటేనే బాగా పట్టు దొరికేది. కొందరికి నున్నటిది కూడా అతుక్కుంటింది. మీకు అతుక్కోలే" అంది.

దాన్ని తీసేయాలని, పైనున్న లైటు సర్దడానికి చెయ్యెత్తింది. అంతే, నేను కుర్చీలో ముడుచుకుపోయి చెంప కప్పుకున్నాను. ఆ పిల్ల చెయ్యి దించేసింది. నర్సును బయటికి పంపి, మెల్లగా "ఎవురు మా కొట్టింది?" అంది.

ఇన్నేళ్లలో ఎవరూ నన్ను అలా అడగలేదు. "మా ఆయన" అన్నాను.

అవునమ్మా. ఆ పళ్లు బాత్‌రూంలో జారిపడితే పోలేదు. మోపెడ్ తాళం కనబడలేదని మీ నాన్న కొట్టిన దెబ్బకు పోయాయి. నువ్వు బడి నుంచి వచ్చి అడిగితే జారిపడ్డానన్నాను. నీకు నాన్నంటే ప్రాణం, దాన్ని పాడుచేయలేకపోయాను. ఆయన నిన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పిందీ నిజమే, ఇదీ నిజమే.

ఇక అసలు సంగతి. కుళాయి దగ్గర జారిపడి పెదవి చిట్లిందనీ, మిగతా అంతా సుఖమేననీ రాశావు. దీపావళికి వచ్చినప్పుడు మోచేతి మీద కమిలిన మచ్చ చూసి అడిగితే, అప్పుడూ జారిపడ్డానన్నావు. నీ ఉత్తరాలన్నీ ఆ చిగుళ్లలాగే ఉంటాయి తల్లీ, ఎక్కడా ఒక్క మచ్చ ఉండదు. చదివిన ప్రతిసారీ నాకు భయమేస్తోంది. ఆ అబద్ధం నీకు ఎవరు నేర్పారో నాకు తెలుసు. నేనే.

అల్లుడి చేతిలో పడకూడదనే ఈ ఉత్తరం స్కూలుకు పంపాను. ఆదివారం ఎగ్మోరులో రైలెక్కుతున్నాను. సోమవారం స్కూలు విడిచే వేళకు గేటు దగ్గర ఉంటాను. నువ్వు నిజంగానే జారిపడి ఉంటే నన్ను నాలుగు తిట్టి పంపించు, సంతోషంగా పడతాను. కాకపోతే పాపను తీసుకుని నాతో వచ్చెయ్. నరేన్ తన గది నీకోసం ఖాళీ చేస్తున్నాడు. ఆ గోడ కొక్కేనికి నీ స్కూలు సంచి తగిలించుకుందువుగాని.

ఇట్లు,
ఎన్నడూ జారిపడని
మీ అమ్మ మునెమ్మ